ఇరవై ఏడో గొంతు

విరుదునగర్,
ఏప్రిల్ 16

బృందా,

ఈ కవరులో ఉత్తరంతో పాటు ఒక మెమరీ కార్డు ఉంది. ముందు దాన్ని భద్రంగా ఒకచోట పెట్టుకుని, తర్వాత ఇది చదువు.

మా పరిశోధన సంస్థ నిబంధన నీకు తెలుసు. పనివాళ్ళ మాటలు ఫోనులో పంపకూడదు, మెయిల్లో పంపకూడదు. అందుకే రిజిస్టర్ పోస్టు. ఉత్తరం తెలుగులో రాయడానికి కారణం వేరే. నా గదికి వచ్చిపోయేవాళ్ళు ఉంటారు. మీ ఇంటి నిండా మనుషులే. మన రెండిళ్ళలోనూ అందరూ తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. హైదరాబాదులో ఎం.ఏ. చదివే రోజుల్లో బస్సుల మీద ఊళ్ళ పేర్లు చూసి అక్షరాలు కూడబలుక్కున్నామే, ఆ చదువు ఇప్పుడు తాళంలాగా పనికొస్తోంది.

కార్డులో ఇరవై నాలుగు నుంచి ఇరవై ఏడు దాకా ఇంటర్వ్యూల రికార్డింగులు ఉన్నాయి. నాలుగూ టపాసుల ఫ్యాక్టరీల్లో మందు నింపే ఆడవాళ్ళవే. ఇరవై ఏడు జాగ్రత్తగా విను. పుదూరు పక్కన ఒక పల్లె ఆవిడది. పేరు నీకు కూడా చెప్పను. పన్నెండేళ్ళుగా ఒకే ఫ్యాక్టరీ. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటి అరుగు మీద కూర్చుని మూడు గంటలు మాట్లాడింది. నలుగురు కూర్చోవలసిన గదిలో తొమ్మిదిమందిని ఎట్లా కుక్కుతారో, ఎండ ముదిరాక ఆపాల్సిన పని ఎందుకు ఆపరో, తనిఖీకి ఎవరైనా వచ్చేనాడు సగం మందిని తుమ్మచెట్ల వెనకకు ఎట్లా తోలేస్తారో, అంతా చెప్పింది. ఇప్పటిదాకా ఎవరూ ఇంత విడమరిచి చెప్పలేదు.

మొదలుపెట్టే ముందు అడిగింది: "నా పేరు రాస్తావా పాపా?"

"రాయనక్కా. మీకు ఒక నెంబరు ఇస్తాను, అంతే."

"పేరు ల్యాకుంటే దైర్నంగా మాట్లాడొచ్చు," అని నవ్వి కాళ్ళు చాపుకుని కూర్చుంది.

మా అమ్మ కోవిల్పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు పనిచేసింది. ఒక్కరోజు కూడా ఎవరూ వచ్చి "నీ ఒళ్ళు ఎట్లా ఉంది?" అని అడగలేదు. అందుకే ఈ పని నాకు ఉద్యోగం మాత్రమే కాదు. మన తెలుగును తప్పు లేకుండా విని ఇంగ్లీషులోకి దించగలిగింది నువ్వొక్కదానివే. నువ్వు సంతకం పెట్టిన గోప్యత కాగితం సంస్థ ఫైల్లో ఉంది. గుర్తు చేస్తున్నానని కోపం తెచ్చుకోకు.

నీ
పాండీశ్వరి


కోవిల్పట్టి,
మే 5

పాండీ,

కార్డు చేరింది. ఇరవై నాలుగు, ఇరవై అయిదు అయిపోయాయి. ఇరవై ఏడు సగంలో ఉన్నాను. ఆమె "మందు" అన్నప్పుడల్లా నాకు దగ్గుమందో పేలుడుమందో ఒక క్షణం తెలియదు. ఒక చోట రెండూ ఒకే వాక్యంలో వచ్చాయి: "మందు పడి దగ్గితే మందు తాగి మల్లా మందులోనే కూచుంటాము." దీన్ని ఇంగ్లీషులో ఎట్లా రాయమంటావు? మూడుసార్లు రాసి కొట్టేశాను.

ఈ పని నాకు ఎంత అవసరమో నీకు తెలియదు. పెళ్ళయి ఆరేళ్ళు. ఈ ఇంట్లో నన్ను అడిగే ప్రశ్నలు రెండే: సాంబారులో చింతపండు ఎక్కువైందా, వాకిట్లో బట్టలు తీశావా. మా ఆయన విఘ్నేశ్వరన్ మంచివాడే. కానీ ఆయనకు వాళ్ళ అన్న మాట తర్వాతే ఏ మాటైనా. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నేను చెవుల్లో ఈ ఆడవాళ్ళ గొంతులు పెట్టుకుని కూర్చుంటే, నేను చదువుకున్నదాన్నని గుర్తుకొస్తుంది.

మిగతాది నెలాఖరుకు పంపుతాను.

బృంద


విరుదునగర్,
జూన్ 21

బృందా,

ఏం జరిగిందో చూడు. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు సరిగా లేకపోతే సర్దుకుని చదువు.

నిన్న సాయంత్రం ఇరవై ఏడు నా గది వెతుక్కుంటూ వచ్చింది. ఇక దాచి లాభం లేదు. ఆమె పేరు చిన్నతాయి. చెప్పులు బయట విడిచి, లోపలికి రమ్మన్నా రాక, గడప పక్కనే నిలబడింది.

"నన్ను నిలిపేసినారు పాపా," అంది. "మూడు వారాలాయె. వేన్ మా ఊరి కాడ ఆగింది. అందరూ ఎక్కినారు. నేను కాలు పెడతానే డ్రైవరు 'నువ్వు దిగు, నీకు సీటు లేదు' అనె. కంపెనీకి నడిసి పోతే వాచ్‌మన్ లోపలికి ఇడల్యా. మేనేజరు బైటికొచ్చి 'ఆరాయిచ్చి అని అన్నీ రాసుకునే అమ్మకాడ బాగా కత చెప్పినావంట గదా, ఆయమ్మనే అడుగు వేల, ఆయమ్మే పనిస్తాది' అనె."

నేను నీళ్ళు తెచ్చి ఇచ్చాను.

"నీవే సెప్పినావా పాపా?" అని అడిగింది. కోపంగా కాదు. ఊరికే తెలుసుకోవాలన్నట్టు. అదే నన్ను చంపేసింది.

లేదని ఒట్టు వేశాను. నమ్మిందో లేదో తెలియదు. ఆ చుట్టుపక్కల మరో నాలుగు ఫ్యాక్టరీలకు పోయిందట. పేరు వినగానే వద్దన్నారట. భర్త పోయి ఎనిమిదేళ్ళయింది. ఒక్కతే కూతురు, ఇసక్కిసెల్వి, వత్రాప్‌లో కాపురం, చంటిబిడ్డ తల్లి. కూతురి మీద ఆధారపడే మనిషి కాదు.

నా నోటుబుక్కులో నెంబరు తప్ప ఏమీ లేదు. నివేదిక ఇంకా మొదలే పెట్టలేదు. మరి ఎట్లా తెలిసింది? మా డైరెక్టరుకు ఫోను చేస్తే, "ఆమెను మళ్ళీ కలవకండి, అధ్యయనానికి ఇబ్బంది వస్తుంది," అన్నాడు. అధ్యయనానికి! రాత్రంతా ఆలోచించాను. నీకేమైనా తోస్తే రాయి.

పాండి


కోవిల్పట్టి,
జూన్ 30

పాండీ,

నీ ఉత్తరం చదివాను. బాధగా ఉంది. కానీ నువ్వు అనవసరంగా నిన్ను నిందించుకుంటున్నావు. పల్లెటూళ్ళో అరుగు మీద మూడు గంటలు మాట్లాడితే పక్కింటివాళ్ళు వినరా? ఆమే ఎవరితోనైనా అని ఉండవచ్చు. మనం పరిశోధన చేసేవాళ్ళం, అందరి బతుకులూ మోయలేం. మీ డైరెక్టరు చెప్పినట్టు కొన్నాళ్ళు దూరంగా ఉండు.

మిగిలిన పేజీలు ఈ కవరులోనే ఉన్నాయి. ఇకమీదట నాకు వీలుపడదేమో. ఇంట్లో పని ఎక్కువైంది.

బృంద


విరుదునగర్,
జూలై 18

బృందా,

అది నీ ఉత్తరం కాదు. ఎవరో ఆఫీసరు రాసినట్టుంది. హాస్టల్లో నాకు టైఫాయిడ్ వస్తే పదకొండు రోజులు పక్కన కూర్చున్న బృంద "అందరి బతుకులూ మోయలేం" అంటుందా? సరే. ఇంట్లో ఏదో ఇబ్బంది అయి ఉంటుంది. నేను పట్టించుకోను.

నీతో నాకొక పని పడింది. చిన్నతాయి ఇప్పుడు ఎక్కడ పనిచేస్తోందో తెలుసా? పుదూరు దాటి, తుమ్మకంపల మధ్య ఒక రేకుల కొట్టంలో. లైసెన్సు లేదు, బోర్డు లేదు, పేరు లేదు. అయిదుగురు ఆడవాళ్ళు నేల మీద కూర్చుని మందు కూరి వత్తులు పెడుతున్నారు. నేను పోయి చూశాను. తలుపు ఒకటే. దాని ముందర మందు బస్తాలు. నేను పోయిన పది నిమిషాలకే నా చొక్కా జేబులో బూడిదరంగు పొడి చేరింది.

"ఇక్కడొద్దక్కా, పోదాం పదండి," అన్నాను.

"యాడికి?" అంది. అంతే. సామాజిక శాస్త్రంలో నాకున్న రెండు పట్టాల్లో ఆ ఒక్క మాటకు జవాబు లేదు.

మీ బావగారు లక్ష్మణసామిగారివి ఆరో ఏడో వేన్లు ఫ్యాక్టరీలకు తిరుగుతాయని నువ్వే ఒకసారి చెప్పావు. పుదూరు వైపు పోయేవి ఆయనవేనని ఇక్కడ విన్నాను. ఆయన ఒక మాట అంటే ఏ ఫ్యాక్టరీ అయినా కాదనదట. నేను మీ ఇంటికి ఒకసారి వచ్చాను, గుర్తుందా? మీ అత్తగారు నాకు వసారాలోనే కుర్చీ వేయించి, కాఫీ పేపరు కప్పులో ఇప్పించారు. ఆ ఇంటి మనిషిని ఏదీ అడగకూడదని అప్పుడే అనుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. కాళ్ళు పట్టుకోమంటే అదీ చేస్తాను. ఆమెను మళ్ళీ వేన్ ఎక్కించమని చెప్పు బృందా. ఆ కొట్టం అంటుకునేలోపల చెప్పు.

పాండి


కోవిల్పట్టి,
జూలై 26

పాండీ,

నువ్వు ఎవరిని సాయం అడగమన్నావో, ఆయనే చిన్నతాయిని దించేశాడు. ఆయన చేతికి ఆమెను అందించింది నేను.

ఇది రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ముందు రాసిన ఉత్తరం ఒక పిరికిది రాసిన ఉత్తరం.

మే నెల చివర. మధ్యాహ్నం. బావగారు భోజనానికి వచ్చారు. నేను వడ్డించి మళ్ళీ లాప్‌టాప్ దగ్గర కూర్చున్నాను. "దినమూ చెవులో అది పెట్టుకుని ఏమి వింటా ఉంటావమ్మా?" అని అడిగారు. ఆరేళ్ళలో నా గురించి ఆయన అడిగిన మొదటి మాట అది. పరిశోధన అన్నాను. "అట్లనా? మాకూ వినిపియ్యి, మేమూ తెలుసుకుంటాము," అన్నారు నవ్వుతూ. మా ఆయన కూడా తల ఎత్తి చూశాడు. నాకు గర్వంగా అనిపించింది పాండీ. చెవుల్లోంచి వైరు పీకేసి శబ్దం పెంచాను. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు.

రెండు నిమిషాలు విని ఆయన తినడం ఆపారు. "పుదూరు మాట మాదిరి ఉండాదే. ఎవరిది?"

"పేరు చెప్పకూడదు బావా," అన్నాను.

"నువ్వేమి చెప్పొద్దు. గొంతే చెప్తా ఉండాది. నా వేన్లో పన్నెండేండ్లు ఎక్కినది గదా, మూడో సీటు," అన్నారు. తర్వాత మెల్లగా, "ఇంగా ఏమేమి చెప్పింది?" అని అడిగారు.

నేను అప్పుడైనా ఆపి ఉండవచ్చు. ఆపలేదు. తనిఖీ రోజు తుమ్మచెట్ల సంగతి కూడా చదివి వినిపించాను. బాగా రాశానని మెచ్చుకుంటారని అనుకున్నాను.

చెయ్యి కడుక్కుని వసారాలోకి పోయి మేనేజరుకు ఫోను చేశారు. కిటికీ లోంచి నాకు ప్రతి మాటా వినిపించింది.

నీ ఉత్తరం వచ్చాక ఆయన ముందు నిలబడి, ఆమెను మళ్ళీ తీసుకోమని అడిగాను. "వేన్ నాది. సీటు కంపెనీది," అన్నారు. "నీకు ఈ పనులేంటికి? ఆ మెషిను ఎత్తి పెట్టు."

నన్ను ఏమైనా అను. ఆమెను మాత్రం ఆ కొట్టంలోంచి బయటికి తెచ్చెయ్యి. నా చేతి గాజులు రెండు ఈ పార్సిల్లో ఉన్నాయి. ఎట్లాగైనా వాడు.

బృంద


విరుదునగర్,
ఆగస్టు 7

బృందా,

గాజులు తిరిగి పంపుతున్నాను. అవి చేరిన మర్నాడే అంతా అయిపోయింది.

నీ ఉత్తరం నాకు జూలై ముప్పయి సాయంత్రం అందింది. ముప్పయి ఒకటి ఉదయం పదకొండున్నరకు కొట్టం అంటుకుంది. ఇద్దరు అక్కడే పోయారు. ఇద్దరు తలుపు దగ్గర ఉండి బయటపడ్డారు. చిన్నతాయి లోపలినుంచి రేకు తోసుకుని వచ్చింది. కాలుతున్న రేకును రెండు చేతులతో తోసింది. మెడ, రొమ్ము, చేతులు. ఇక్కడి పెద్దాసుపత్రిలో ఉంది. బతుకుతుందని డాక్టరు అంటున్నాడు. చేతుల గురించి అడిగితే, "ముందు బతకనివ్వండి," అంటున్నాడు.

నీకు రాయకూడదనే అనుకున్నాను. వారం రోజులు నీ పేరు తలుచుకుంటేనే ఒళ్ళు మండింది. ఆమె గొంతును నిన్ను నమ్మి పంపింది నేనేనని కూడా మండింది. గొంతుకు నెంబరు వేస్తే గొంతు మారిపోతుందనుకున్న మూర్ఖురాలిని నేను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. కానీ నీ వాటా నేను మోయను.

ఇప్పుడు రాయక తప్పని సంగతి వేరే ఉంది. కొట్టం నడిపినవాడు పారిపోయాడు. దొంగతనంగా టపాసులు చేయించింది చిన్నతాయేనని కేసు రాశారు. ఆ రేకుల స్థలం ఎవరిదో తేలలేదు, పారిపోయినవాడి పేరు చెప్పడానికి బయటపడ్డ ఇద్దరికీ భయం. లైసెన్సు ఉన్న ఫ్యాక్టరీ వాళ్ళు, "ఆమె మా దగ్గర ఎప్పుడూ పనిచేయలేదు," అని రాసిచ్చారు. పన్నెండేళ్ళు! ఒక్క కాగితం లేదు ఆమెకు. మంచం పక్కన ఒక పోలీసమ్మను కూర్చోబెట్టారు. రెండు చేతులూ కట్లలో ఉన్న మనిషి ఎక్కడికి పారిపోతుందని?

నా దగ్గరున్న రికార్డింగు ఒక్కటే ఆమె ఆ ఫ్యాక్టరీలో పనిచేసిందనడానికి సాక్ష్యం. కానీ పేరు బయటపెట్టనని మాట ఇచ్చాను. నిన్న ఆమె చెవి దగ్గర వంగి అడిగాను.

"పేరు దాస్తే నేనే దొంగ అంటారు పాపా," అంది. మాట గాలిలాగా వస్తోంది. "రాయి. చిన్నతాయి, వెళ్ళైసామి పెండ్లాము. పూరా రాయి."

ఒప్పుకుంటున్నట్టు వేలిముద్ర కావాలన్నారు. వేలు ఏదీ? అందుకే పోలీసమ్మ, నర్సు ముందర, ఆ మాటలే మళ్ళీ రికార్డు చేశాను.

ఆమె అక్కడ పనిచేసిందని గొంతు చెబుతుంది. ఎందుకు తీసేశారో, ఎవరు ఫోను చేశారో చెప్పగలిగింది ఒక్కరే. విచారణ మీ ఊళ్ళోనే, ఆర్‌డీఓ ఆఫీసులో, ఈ నెల పద్దెనిమిది. రమ్మని నేను బతిమాలను. మీ బావగారి కాళ్ళు పట్టుకుంటానని రాసిన దానికే నాకు ఇంకా సిగ్గుగా ఉంది.

పాండీశ్వరి


కోవిల్పట్టి,
ఆగస్టు 20

పాండీ,

చెప్పేశాను.

ముందురోజు మా ఆయనతో అన్నాను. "నువ్వు నిజం చెప్తే నేను వద్దనను," అన్నాడు. "చెప్పినంక ఈ ఇంట్లో ఎట్ల ఉంటావో, అదీ యోసన చేసుకో." ఆయన నాతో వస్తానని అనలేదు. ఆ మాట కోసం నేను తెల్లవారేదాకా ఎదురుచూశాను.

పద్దెనిమిదిన పదింటికి పోయాను. నువ్వు వస్తావేమోనని మెట్ల మీదే కాసేపు నిలబడ్డాను. నీ రికార్డింగు, కాగితాలు ముందురోజే ఇచ్చి వెళ్ళావని గుమాస్తా చెప్పాడు. నన్ను చూడకుండా ఉండటానికే అట్లా చేశావని అర్థమైంది.

సాక్షుల పట్టీలో నా పేరు లేదు. మధ్యాహ్నం మూడుదాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. ఫ్యాక్టరీ మేనేజరు, మా బావగారు నా ఎదురుగానే లోపలికి వెళ్ళి వచ్చారు. బావగారు నా దగ్గర ఆగి, అందరికీ వినిపించేటట్టు, "ఇంటికి పోదాము రామ్మా, కారు ఉండాది," అన్నారు. అంత ప్రేమగా ఆయన ఎప్పుడూ పిలవలేదు. నేను లేవలేదు. బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను.

ఆఫీసరు నన్ను చూసి విసుగ్గా, "ఆమెకు మీరేం కావాలి? చుట్టమా?" అని తమిళంలో అడిగాడు.

చుట్టం కాదన్నాను. "ఆమె మాటలు రాయమని నన్ను నమ్మి ఇచ్చారు. నేను ఆమెను పట్టించాను," అన్నాను. ఆయన పెన్ను మూత తీశాడు.

తేదీ, టైము, బావగారు తింటూ అన్న మాటలు, కిటికీ లోంచి విన్న ఫోను, మూడో సీటు, అన్నీ చెప్పాను. అయిదు పేజీలయింది. ప్రతి పేజీ కింద సంతకం పెట్టాను. గోప్యత కాగితం మీద పెట్టిన సంతకమూ ఇదే కదా అని ఒక్కసారి చెయ్యి ఆగిపోయింది.

ఇంటికి పోయేసరికి నా పెట్టె వసారాలో ఉంది. అదే వసారా, నీకు కుర్చీ వేసినది. అత్తగారు బయటికి రాలేదు. మా ఆయన బస్టాండు దాకా పెట్టె మోసుకొచ్చి, దించి తిరిగి వెళ్ళాడు. ఇప్పుడు బస్టాండు వెనక ఆడవాళ్ళ హాస్టల్లో ఉన్నాను. అడ్రసు కవరు మీద ఉంది.

నేను చేసింది దీనితో తీరిపోయిందని అనుకోవడం లేదు. ఆమె ఎట్లా ఉందో ఒక్క ముక్క రాయి. నీకు రాయాలనిపించకపోతే ఖాళీ కార్డు పంపు, బతికి ఉందని అనుకుంటాను.

బృంద


విరుదునగర్,
సెప్టెంబరు 9

బృందా,

బతికి ఉంది.

మొన్న పోలీసమ్మను తీసేశారు. కేసులో చిన్నతాయి పేరు నిందితుల పట్టీ నుంచి గాయపడినవాళ్ళ పట్టీకి మారింది. నీ అయిదు పేజీల వల్లే మారిందని ఆమె తరపు వకీలు అన్నాడు. కొట్టం నడిపినవాడు ఇంకా దొరకలేదు. ఫ్యాక్టరీ మామూలుగా నడుస్తోంది. మీ బావగారి వేన్లు కూడా పొద్దున ఆరింటికి మా వీధి చివరినుంచే పోతున్నాయి. చచ్చిపోయిన ఇద్దరి ఇళ్ళకూ వెళ్ళాను. లోపల కూర్చోబెట్టారు, నీళ్ళిచ్చారు, నాతో ఎవరూ మాట్లాడలేదు.

నన్ను సంస్థలోంచి తీసేశారు. పేరు బయటపెట్టి నియమం తప్పానని ఉత్తరం వచ్చింది. ఇరవై ఏడు ఇంటర్వ్యూలూ వాళ్ళవే అయిపోయాయి. గది ఈ నెలాఖరు దాకా ఉంటుంది. ఆ తర్వాత తెలియదు. అమ్మకు ఇంకా చెప్పలేదు.

డాక్టరు కట్లు విప్పాడు. కుడిచేతి వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఎడమ చేతిలో రెండు వేళ్ళు కదులుతాయి. ముద్ద పట్టలేదు. చీర కట్టుకోలేదు. ఇసక్కిసెల్వి చంటిదాన్ని చంకన వేసుకుని వత్రాప్ నుంచి వారానికి రెండుసార్లే రాగలుగుతోంది. మిగతా రోజులు నేనే తినిపిస్తున్నాను. మొదటి రోజు ఆమె నోరు తెరవలేదు. పన్నెండేళ్ళు ఇంకొకరి చెయ్యి చూడకుండా తిన్న మనిషి కదా. కళ్ళు మూసుకుని తిన్నది.

నిన్న నీ సంగతి అంతా చెప్పాను. దాచలేదు. నువ్వు చెవుల్లోంచి వైరు పీకేసిందీ, మెప్పు కోసం చదివి వినిపించిందీ, ఆఫీసరు ముందు చెప్పిందీ, వాళ్ళు నీ పెట్టె వసారాలో పెట్టిందీ.

పైకప్పు వైపు చూస్తూ వింది.

"ఆయమ్మకి పిల్లలుండారా?" అని అడిగింది.

లేరన్నాను.

"వేల?"

ఇప్పుడు పనేమీ లేదన్నాను.

"అయితే రమ్మను," అంది. "నీకూ వేల ఎతుక్కోవాల గదా పాపా. దినమూ నువ్వే వొస్తే ఎట్ల? నాకు అన్నం పెట్టేదానికి ఒక మనిసి కావాల."

క్షమించానని ఆమె అనలేదు. నేనూ అనడం లేదు. నాకు ఇంకా నీ మీద కోపం ఉంది, ఎన్నాళ్ళుంటుందో నాకే తెలియదు. కానీ వార్డులో పొద్దున ఇడ్లీ ఏడున్నరకు వస్తుంది, చల్లారితే ఆమె మింగలేదు. కోవిల్పట్టిలో అయిదూ యాభైకి బస్సు ఉంది. ఈ ఉత్తరం అందిన మర్నాటినుంచి పొద్దుటి పూట నీది.

పాండి